గజంబద్ద తాతయ్యను రాసిన కోడలు

టెలివిజన్ కేంద్రంలో ఆమెను మొదట టైపిస్టమ్మ అన్నారు, ఆ తర్వాత రైటరమ్మ అన్నారు, జుట్టు నెరిశాక మేడమ్ అన్నారు. ఆమెకు నచ్చిన పిలుపు మధ్యలోది కాబట్టి మనమూ రైటరమ్మ అనే అనుకుందాం. కింది అంతస్తులో టైపు మిషను ముందు కూర్చున్న మనిషి మూడో అంతస్తుకు చేరింది ఒక టీ మరక పుణ్యమా అని.

ఆ రోజుల్లో ఉన్నది ఒకటే ఛానెల్. ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు అరగంట నవ్వుల నాటిక వచ్చేది. వారం వారం దాన్ని రాసేది ఒక్కరే. ముప్పై ఏళ్ళు రంగస్థలం మీద నలిగి వచ్చిన పెద్దాయన, చిన్నా పెద్దా అందరికీ గురువుగారు. మాట ముత్యమే కానీ రాత మాత్రం కోడి గెలికినట్టుండేది. ఆ గెలుకుడును కాగితం ఎడమ సగంలో కనబడేదీ కుడి సగంలో వినబడేదీ వచ్చేలా, నాలుగు కార్బన్లు పెట్టి టైపు చేయడం ఆమె పని. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్ళు. పెళ్ళై ఏడాది.

ఒకసారి గురువుగారి కాగితం మీద ఎవరో టీ ఒలకబోశారు. కథలో నెలరోజులుగా తిష్ఠ వేసుకున్న చుట్టం ఇక వెళ్తానంటాడు. ఇంటాయన జవాబు చెప్పాలి. "అయ్యో, అప్పుడేనా? ఉండండి, మీ..." దాకా కనబడింది. ఆ తర్వాతి మాట మరకలో కలిసిపోయింది. గురువుగారు ఊళ్ళో లేరు, రికార్డింగు రేపు. రైటరమ్మ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. సెట్లు తయారుచేసే వడ్రంగులు తలుపుకి రంగు వేస్తున్నారు. ఆమె టైపు చేసేసింది: "అయ్యో, అప్పుడేనా? ఉండండి, మీ చెప్పులు తెస్తాను."

రికార్డింగులో బెంచీల మీద కూర్చున్న నూట ఇరవై మందీ ఆ మాటకు విరగబడి నవ్వారు. నటుడు తర్వాతి మాట అందుకోలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

రెండు రోజుల తర్వాత గురువుగారు కాగితాలు చేత్తో పట్టుకుని టైపు గదిలోకి వచ్చారు. ఆయన ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు.

"ఇక్కడ చెప్పులు ఎవరు పెట్టారు?"

రైటరమ్మ లేచి నిలబడింది. ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాల్సిందేనని అప్పటికే మనసులో అనేసుకుంది. "అక్కడ మరక పడిందండి. అక్షరాలు కనబడలేదు. తోచింది కొట్టేశాను. తప్పయిపోయింది."

"నేను రాసింది, 'మీకు కాస్త టీ తెస్తాను' అని."

"క్షమించండి."

"తప్పే. మీకు అన్నదాన్ని మీ అని చదివావు చూడు, అదీ తప్పు. టీ తెస్తే వాడు మళ్ళీ కూర్చునేవాడు, నా కథ చెడేది." ఆయన కాగితాలు ఆమె బల్ల మీద పెట్టారు. "రేపట్నించి పైకి రా అమ్మాయీ. నా పక్కన కూర్చుని ఇలాంటి తప్పులు ఇంకొన్ని చెయ్యి."

ఆయన వెళ్ళిపోయారు. పక్క మిషనావిడ, "కూర్చోవే, ఇంకా నిలబడే ఉన్నావు" అనేదాకా తను నిలబడి ఉన్నట్టే తెలియలేదు.

మూడో అంతస్తులో నాలుగేళ్ళు గురువుగారి పక్కన కూర్చుంది. ఆయన నేర్పింది తక్కువ మాటల్లోనే. "మాట రాయడం సగం పని. ఆ తర్వాత ఎంతసేపు ఎవరూ నోరు విప్పకూడదో అది రాయడం మిగతా సగం" అనేవారు. నవ్వుకు చోటు వదలని నాటిక కిటికీ లేని ఇల్లని ఆయన ఉద్దేశం. ఆమె స్టాప్‌వాచీ మెళ్ళో వేసుకుని రికార్డింగులకు వెళ్ళేది. ఏ మాటకు ఎన్ని సెకన్లు నవ్వారో కాగితం అంచున రాసుకునేది. నవ్వకపోతే సున్నా చుట్టేది. మొదటి ఏడాది ఆమె మాటలకు సున్నాలే ఎక్కువ. గురువుగారు ఆ సున్నాలు చూసి, "కళ్ళు తెరిచి చూస్తున్నట్టున్నాయి కదూ" అనేవారే తప్ప ఏనాడూ మందలించలేదు.

అయిదో ఏట గురువుగారి చూపు మందగించింది. కూతురి దగ్గరకు వెళ్ళిపోతూ, ఆదివారం ఏడు గంటలు ఈ అమ్మాయికి ఇవ్వమని విభాగం పెద్దసారుకు చెప్పి వెళ్ళారు. పెద్దసారు అవునూ అనలేదు, కాదూ అనలేదు. "మూడు వారాల్లో కొత్త నాటిక చూపించండి. బాగుంటే మీది. లేకపోతే పాతవే మళ్ళీ వేద్దాం" అన్నాడు.

రాయాలని కూర్చుంటే ఆమెకు ఒక్క అక్షరం కదిలితే ఒట్టు. డాక్టరు ఇల్లు మొదలుపెట్టింది, చింపేసింది. బడిపంతుళ్ళ గది మొదలుపెట్టింది, చింపేసింది. రెండు వారాలు అలా గడిచాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆమె సంగతి, ఎందుకంటే ఆ నాటిక ఆమె ఇంట్లోనే లైట్లార్పుకుంటూ తిరుగుతోంది.

మామగారు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలినా ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. జేబులో స్టీలు టేపు ఉండాల్సిందే. కూరగాయల కొట్లో తూకం రాళ్ళు తిరగేసి సీలు ఉందో లేదో చూసేవారు. కొత్త సబ్బు ఇంట్లోకొస్తే దారంతో నాలుగు సమాన ముక్కలుగా కోసి, ఒక ముక్క అయ్యాకే ఇంకోటి తీసేవారు. స్నానాల గది తలుపుకి ఎవరెవరు ఎన్ని నిమిషాలో కాగితం అంటించారు. కోడలికి ఏడు, కొడుక్కి ఆరు. ఆడవాళ్ళకు జుట్టు ఎక్కువ కాబట్టి ఒక నిమిషం ఎక్కువిచ్చారట. మనిషి చెడ్డవారు కాదు. కొలవకుండా వదిలేస్తే లోకం కారిపోతుందని ఆయన భయం.

ఒక సాయంత్రం రైటరమ్మ భోజనాల బల్ల దగ్గర భర్తతో తన గోడు చెప్పుకుంటోంది. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తాడు, మితభాషి. "ఇక వారమే ఉందండీ. తెల్లకాగితం పట్టుకెళ్ళి ఇవ్వనా" అంటుండగా మామగారు అటుగా వచ్చి టక్కున లైటార్పేశారు.

"నాన్నా, ఇక్కడ మేమున్నాం" అన్నాడు కొడుకు చీకట్లోంచి.

"ఉన్నారని తెలుసు. చదవడం లేదుగా, మాట్లాడుకుంటున్నారు. మాటలకు వెలుతురెందుకు?" అని ఆయన తన గదిలోకి వెళ్ళిపోయారు.

రైటరమ్మకు ఒళ్ళు మండింది. మర్నాడు ఆఫీసుకు వెళ్ళి, ఆ మంట చల్లారకముందే జరిగింది జరిగినట్టు టైపు చేసింది. ఎవరికీ చూపించడానికి కాదు, కడుపులో పెట్టుకోలేక. కింద మరో మాట, దాని కింద సబ్బు, దాని కింద స్నానాల గది కాగితం. మధ్యాహ్నానికి పదకొండు పేజీలయ్యాయి. మొదటి పేజీ తిరగేసి చదివితే, ఎక్కడి కోపం అక్కడే పోయి, ఒక్కర్తే గదిలో కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

అలా పుట్టాడు గజంబద్ద తాతయ్య. రిటైరైన కొలతల ఉద్యోగి, ఆయన కొడుకు, కోడలు, ఒక ఇల్లు. నాటకాల్లో దొంగ వేషాలు వేసి విసిగిపోయిన ఒక పొడగరి నటుడు తాతయ్యగా కుదిరాడు. పెద్దసారు సరేనని మొదట నాటికను ఒక నిర్మాత చేతిలో పెట్టాడు. ఆయనకు జారిపడితేనే నవ్వొస్తుందని నమ్మకం. సబ్బు కోసే ఘట్టంలో తాతయ్య సబ్బు మీద కాలేసి జారాలన్నాడు. రైటరమ్మ ఒప్పుకోలేదు.

"ఆయన దారం కట్టి, గురి చూసి, నెమ్మదిగా కోస్తారు. అంతే. సంగీతం కూడా వద్దు."

"ఎంతసేపు?"

"ఏడు సెకన్లు."

"ఏడు సెకన్లు ఏమీ జరక్కపోతే జనం టీవీ పాడైందనుకుంటారమ్మా."

పంచాయితీ పెద్దసారు దగ్గరకు వెళ్ళింది. ఆయన ఇద్దరి మాటా విని, ఎవరినీ నొప్పించకుండా తప్పించుకునే దారి వెతుక్కుని, "అయితే ఈ ఒక్కవారం మీరే నిర్మించండి. తేడా వస్తే మీదే పూచీ" అన్నాడు ఆమెతో. గురువారం సాయంత్రం కంట్రోలు గదిలో అద్దం వెనక ఆమె కూర్చుంది. తాతయ్య దారం తీశాడు. ఒకటి, రెండు, మూడు. బెంచీల మీద చీమ చిటుక్కుమనలేదు. నాలుగో సెకనులో ఎక్కడో వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఏడో సెకనుకు హాలంతా ఊగింది. అప్పటినుంచి ఆ నాటికకు రాతా ఆమెదే, నిర్మాణమూ ఆమెదే. ఆ నిర్మాత కూడా, "నాకూ మంచిదే, నడుం నొప్పి తగ్గింది" అని సంతోషంగా పాటల కార్యక్రమానికి మారిపోయాడు.

నాటిక ఊరూరా పాకిపోయింది. రైటరమ్మ గుండెల్లో మాత్రం రాయి పడింది. ఇంటి గుట్టు లంకకు చేటంటారు. ఆమె ఇంటి గుట్టును వారం వారం ప్రసారం చేస్తోంది. నిజం తెలిసింది భర్త ఒక్కడికే.

"నాన్నకి తెలిస్తే నిన్నేమీ అనరులే. కోడలివి" అన్నాడు ఆయన.

"మరి?"

"నన్నంటారు."

అదృష్టం ఏమిటంటే ఇంట్లో టీవీ లేదు. ఆ పెట్టె ముందు కూర్చుంటే చూపు అరిగిపోతుందని మామగారు కొననివ్వలేదు. కోడలు ఇంకా టైపు చేస్తోందనే ఆయన ఎరుక. ఆమె అవునని చెప్పిందీ లేదు, కాదని చెప్పిందీ లేదు. టైపు ఇప్పటికీ తనే చేసుకుంటుంది కాబట్టి అబద్ధం కాదని మనసుకు సర్దిచెప్పుకునేది.

మూడేళ్ళు అలా నెట్టుకొచ్చింది. నాలుగో ఏట కేంద్రం వాళ్ళు ఒక నియమం పెట్టారు. ప్రతి నిర్మాత ఇంట్లోనూ టీవీ ఉండాలి, ఇళ్ళల్లో బొమ్మ ఎలా కనబడుతోందో చూసుకోవాలి. ఒక శనివారం వ్యానులో పెట్టె దిగింది. "టైపు చేసినవి సరిగ్గా వస్తున్నాయో లేదో చూడాలట మామయ్యగారూ" అని గొణిగింది రైటరమ్మ. ఆయన పెట్టె పొడవూ వెడల్పూ కొలిచి, కళ్ళకు తొమ్మిది అడుగుల దూరం ఉండాలని నేల మీద సుద్దగీత గీసి, గీత వెనక తన కుర్చీ వేయించుకున్నారు.

ఆదివారం ఏడయింది. తెర మీద తాతయ్య సబ్బు తీశాడు. రైటరమ్మ పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, మళ్ళీ కట్టేసింది. నీళ్ళ చప్పుడులో అవతలి మాట వినబడదేమోనని భయం. తేలు కుట్టిన దొంగలా తలుపు వెనక నిలబడింది. ముందు గదిలో నిశ్శబ్దం. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ వినని చప్పుడొకటి వినబడింది. పాత తలుపు గడియ తీస్తున్నట్టు కిర్రుమంటూ మొదలై, దగ్గులోకి దిగి, అక్కణ్ణుంచి పైకి లేచింది. మామగారు నవ్వుతున్నారు.

"అమ్మాయ్, ఇలా రా. చూడు చూడు" అని కేకేశారు. "వీడు అచ్చం మా అన్నయ్యే. అదే నడక, అదే పిసినారితనం. ఎవరో వాణ్ణి దగ్గరుండి చూసి రాశారు."

రైటరమ్మ భర్త వైపు చూసింది. ఆయన కళ్ళజోడు తీసి శ్రద్ధగా తుడుచుకుంటున్నాడు. ఆమె సుద్దగీత మీదే చతికిలబడింది. తేలికపడటానికి కూడా బలం కావాలని ఆ రోజే తెలిసింది ఆమెకు.

ఆ అన్నయ్యగారు రెండు వీధుల అవతలే ఉంటారు. తమ నాన్నగారి గోడ గడియారం ఎవరిదన్న గొడవలో అన్నదమ్ములకు తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ఇప్పుడు మామగారికి ఒకటే ఆరాటం, అన్న తన బండారం తను చూసుకోవాలని. మూడు వారాలు ఓపిక పట్టి, నాలుగో వారం చీటీ పంపారు. "ఆదివారం ఏడుకు వచ్చి టీవీ చూడగలవు." అన్నయ్యగారు వచ్చారు. గీత వెనక రెండో కుర్చీ పడింది. అరగంట ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా నవ్వారు. అయ్యాక అన్నయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ, "ఒరే తమ్ముడూ, నిన్ను ఎవర్రా ఇలా దించేశారు" అన్నారు.

"నన్నా? అది నువ్వు."

"నేను సబ్బు ఎప్పుడు కోశాన్రా?"

"నువ్వు అగ్గిపుల్లలు కొయ్యలేదూ?"

ఆ వాదం తెగలేదు. తెగలేదు కాబట్టి మరుసటి ఆదివారం అన్నయ్యగారు మళ్ళీ వచ్చారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చారు. తొమ్మిదేళ్ళ మౌనం ఎవరికీ తెలియకుండా కరిగిపోయింది. గడియారం ఊసే ఎవరూ ఎత్తలేదు. రైటరమ్మ ఆ రెండు బట్టతలల వెనక కూర్చుని స్టాప్‌వాచీ లేకుండానే నవ్వులు లెక్కపెట్టుకునేది.

ఇలా ఉండగా ఒకరోజు ఆఫీసులో ఆమె బల్ల మీద ఒక ఉత్తరం కనబడింది. రూళ్ళ కాగితం, పరిచితమైన దస్తూరీ. "నిర్మాతగారికి. నాటిక చివర పేర్లు వేయు విధానము గూర్చి. నేను గడియారము పెట్టి చూడగా పదహారు పేర్లు పదకొండు సెకన్లలో పోవుచున్నవి. పేరుకు సెకను కూడా లేదు. పనిచేసిన వారి పేర్లు చదువుటకు వీలులేకుండ వేయుట కంటె వేయకుండుట మేలు. తమరు సరిచేయగలరు." కింద మామగారి సంతకం, మాజీ హోదాతో సహా.

రైటరమ్మ ఆ ఉత్తరాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది. రెండు రోజులయ్యాక తీసి మళ్ళీ చదివింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నాలుగేళ్ళుగా తలుపులు చేస్తున్న వడ్రంగి పేరును అతని పెళ్ళాం ఒక్కసారైనా చదివి ఉండదు. మేకప్పావిడ పేరు ఆమె పిల్లలకు అందదు. పేర్లు పరిగెడుతున్నాయంటే అది తన పిరికితనం వల్లనే. తన పేరు కనబడకూడదని అందరి పేర్లనూ తరిమేసింది. నెమ్మది చేస్తే మాత్రం చిట్టచివరి పేరు తనదే.

శుక్రవారం ఎడిటింగు గదిలో, "ఒక్కో పేరుకి రెండు సెకన్లు వెయ్యి" అంది.

"అన్ని సెకన్లు ఎక్కడ తేనండి రైటరమ్మా?" అన్నాడు ఎడిటరు.

"నేను రాసిన మాటలు నాలుగు తీసెయ్యి. వాటికెలాగూ నవ్వు రాలేదు."

ఆదివారం నాటిక అయిపోయింది. పేర్లు మొదలయ్యాయి. మామగారు కుర్చీలో ముందుకు జరిగి, "చూశావా అన్నయ్యా, నా ఉత్తరం పనిచేసింది" అని ఒక్కొక్కటీ పైకి చదవసాగారు. వడ్రంగి, మేకప్పు, దీపాలు, కెమెరాలు. రచన, నిర్మాణం దగ్గరకు వచ్చేసరికి నోరు తెరిచి, చదవకుండా మూశారు. రెండు సెకన్లు చాలా పెద్దవని ఆ రోజు రైటరమ్మకు తెలిసింది. అన్నయ్యగారు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు, చూడలేదు.

మర్నాడు పొద్దున ఆమె జుట్టు దువ్వుకుంటుంటే మామగారు గుమ్మంలో నిలబడ్డారు.

"టైపు చేస్తున్నావనుకున్నాను."

"టైపు కూడా చేస్తానండి."

"సబ్బు కోసేముందు దారం తడపాలి. మీవాడు పొడి దారంతో కోస్తున్నాడు. అలా అయితే అంచు విరుగుతుంది." వెళ్ళబోతూ వెనక్కి తిరిగారు. "ఇంతకీ మా అన్నయ్య సంగతులు నీకెవరు చెప్పారమ్మా?"

తప్పించుకోవడానికి దారి నున్నగా పరిచి ఉంది. ఎవరో చెప్పారండి అంటే సరిపోయేది. దువ్వెన పక్కన పెట్టింది రైటరమ్మ.

"ఆయన మీ అన్నయ్యగారు కాదండి మామయ్యగారూ. మీరే."

ఆయన, "అయితే నేను లైటార్పినప్పుడల్లా మీరు చాటుగా నవ్వుకునేవాళ్ళా?" అని అడిగారు.

"లేదండి. విసుక్కునేవాళ్ళం. రాశాకే నవ్వొచ్చింది. రాశాక మళ్ళీ విసుగు రాలేదు."

ఆయన అక్కణ్ణుంచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మూడు రోజులు ఆయన ఒక్క లైటూ ఆర్పలేదు. స్నానాల గది కాగితం చింపేశారు. వెలుతురుతో ఇల్లు జిగేలుమంటుంటే అందరికీ ఊపిరాడలేదు. కొడుకు తనంతట తనే లేచి లైట్లార్పుకుంటూ తిరిగాడు. "ఈయన తిట్టినా బాగుండేది" అన్నాడు భార్యతో. ఆమె ఉద్యోగం మానేస్తానని చెబుదామని రెండుసార్లు ఆయన గది దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

గురువారం మధ్యాహ్నం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి వచ్చారు. "ఇవాళ చిత్రీకరణ ఉందిగా. బయటివాళ్ళను రానిస్తారా?"

"రండి మామయ్యగారూ. పాసు ఇస్తాను" అంది. అన్నాక గుర్తొచ్చింది, ఆ వారం కథలో లైటార్పే ఘట్టం ఉందని. పులి మీద పుట్రంటే ఇదే. మేకప్పు గదిలో తాతయ్య వేషగాడు సంగతి విని, "ఈ ఒక్కవారానికి ఆ ముక్క తీసేద్దామా రైటరమ్మా?" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దు. ఆయన లేనప్పుడు ఎలా చేస్తారో అలాగే చెయ్యండి. ఒక్కటి మాత్రం మార్చండి. సబ్బు దగ్గర దారం తడపండి."

మామగారు మూడో వరసలో కూర్చున్నారు. పక్కన బూడిదరంగు శాలువా కప్పుకున్న ఒక నడివయసావిడ. కంట్రోలు గదిలో రైటరమ్మ ముందు నాలుగు తెరలున్నా ఆమె కళ్ళు అద్దంలోంచి ఆ మూడో వరసనే చూస్తున్నాయి. ఘట్టం వచ్చింది. కొడుకూ కోడలూ మాట్లాడుకుంటున్నారు. తాతయ్య వచ్చి మీట నొక్కాడు. స్టూడియో అంతా చీకటి. "మాటలకు వెలుతురెందుకు?" అన్న గొంతు వినబడింది.

నూట ఇరవై మంది నవ్వు ఒక్కసారి లేచింది. రైటరమ్మ నవ్వును కాక, నవ్వు అడుగున ఏముందో వినడానికి చెవులు రిక్కించింది. నవ్వు తగ్గింది, ఇంకా తగ్గింది, ఆగిపోబోయింది. అప్పుడు చీకట్లో మూడో వరస నుంచి, అందరికంటే ఆలస్యంగా, పాత గడియ తీస్తున్న కిర్రుమనే చప్పుడు మొదలైంది. అది విని జనం మళ్ళీ నవ్వారు. రైటరమ్మ తల బల్ల మీద ఆనించేసింది. "రైటరమ్మా, లైట్లు వెయ్యమంటారా?" అని పక్కవాడు రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

తిరిగి వస్తుంటే ఇంకా సంధ్యవెలుగు ఉంది. బస్సు రాకపోవడంతో ఇద్దరూ నడిచారు. నాలుగు దుకాణాలు దాటాక మామగారు నోరు విప్పారు.

"నా పక్కన ఒకావిడ కూర్చుంది. వాళ్ళ నాన్న కూడా ఇంతేనట. పోయి రెండేళ్ళయిందట. వీలున్నప్పుడల్లా ఆయన్ని చూడటానికి ఇక్కడికి వస్తానంది."

"అలాగా అండి."

"మీ నాన్నగారిది తూనికల శాఖేనా అని అడిగాను. కాదు, రొట్టెల బట్టీ అంది." ఆయన కొంచెం దూరం ఆలోచిస్తూ నడిచారు. "రొట్టెల బట్టీలో ఏం కొలుస్తారో మరి."

"పిండి కొలుస్తారేమోనండి."

"అవును. పిండి కొలవాలి." ఆ జవాబుతో ఆయన తృప్తిపడినట్టు కనిపించారు. మలుపు దగ్గర ఆగి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించారు. "ఒక్క మాట అమ్మాయ్. వాడు నేనేనన్న సంగతి మా అన్నయ్యకి మాత్రం చెప్పకు."

రైటరమ్మ మాట ఇచ్చింది. ఇస్తూ ఏడ్చింది కూడా. ఆయన చూడనట్టు టేపు తీసి కాలిబాట వెడల్పు కొలిచారు.

నాటిక మరో ఆరేళ్ళు నడిచింది. ఉన్నన్నాళ్ళూ మామగారే దానికి జీతం లేని తనిఖీ అధికారి. త్రాసు ఎడమచేత్తో పట్టుకున్నాడనీ, లీటరు డబ్బా అసలు లీటరు కాదనీ చీటీలు రాసి కోడలి సంచీలో పెట్టేవారు. మాట నిలబెట్టుకున్నందుకు బదులుగా రైటరమ్మకు అన్నయ్యగారి అగ్గిపుల్లల కథలు కూడా చెప్పారు. అవన్నీ తెర మీదకు వచ్చాయి, దాంతో అన్నయ్యగారి వాదంలో పస తగ్గింది. మామగారు ఒక చలికాలం నిద్రలోనే పోయారు. ఆ వారం నాటిక ఆపుదామని పెద్దసారు అంటే ఆమె వద్దంది. బెంచీల మీద జనం ఎప్పటిలా నవ్వారు. అది విన్నాక గానీ ఆమెకు మనసు కుదుటపడలేదు.

ఆ తర్వాత తాతయ్య వేషగాడికి మాటలు గుర్తుండటం కష్టమైంది. కొత్తవాణ్ణి పెట్టి లాగిద్దామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. నాటికను తన చేత్తోనే ముగించి, మరో ఇరవై ఏళ్ళు కుర్రరచయితలకు పని నేర్పింది. వాళ్ళ సున్నాలు చూసి కోప్పడలేదు. అందరూ మేడమ్ అన్నది అప్పుడే.

రిటైరయ్యాక మొదటి సోమవారం. సాయంత్రం నాలుగింటికి సంచీ పట్టుకుని బజారుకు వెళ్ళింది. మూలమీద గొడుగులు బాగుచేసేవాడూ, పళ్ళు అమ్మేవాడూ పోట్లాడుకుంటున్నారు. గొడుగులవాడి పెద్దగొడుగు నీడ పళ్ళబండి మీదకు వస్తోంది.

"నీ నీడ తీస్తావా లేదా?" అంటున్నాడు పళ్ళవాడు.

"పొద్దున్నించీ వాడుకున్నావుగా. చల్లబడ్డాక గుర్తొచ్చిందా?"

"నేనడిగానా?"

"అడక్కుండా ఇచ్చినవాణ్ణి తిడతావేం మరి?"

అలవాటు కొద్దీ ఆమె చెయ్యి సంచీలోకి, నోటుపుస్తకం కోసం వెళ్ళింది. ఇన్నేళ్ళుగా వీధిలో ఏ గొడవ విన్నా, ఆదివారానికి పనికొస్తుందా అని తూచకుండా విన్నది లేదు. ఇప్పుడు ఏ ఆదివారానికీ ఆమె జవాబుదారీ కాదు. చెయ్యి బయటికి తీసి, సంచీ కింద పెట్టి, దీపస్తంభానికి ఆనుకుని హాయిగా వింది. నవ్వొస్తే పైకే నవ్వింది.

ఇద్దరూ పోట్లాట ఆపి ఆమె వైపు తిరిగారు. "ఏమ్మా, ఏమైనా కావాలా?" అన్నాడు పళ్ళవాడు.

"ఏమీ వద్దయ్యా. మీరు కానివ్వండి."